కెలెపిది కాని గుండె

ఆ మంగళవారం చర్చి హాల్లో అందరూ కెలెపికి చప్పట్లు కొట్టారు. మోకాళ్ళ నొప్పులున్న ముసలివాళ్ళు కూడా లేచి నిలబడి మరీ కొట్టారు. కెలెపి మాత్రం తేలు కుట్టిన దొంగలా కదలకుండా కూర్చున్నాడు.

చప్పట్లకు కారణం బ్రాన్విన్ నర్సమ్మ చదివిన వార్త. గుండెపోటు వచ్చి బతికి బయటపడ్డవాళ్ళకు మళ్ళీ రాకుండా చూడడమెలా అని దేశంలోని డాక్టర్లు, నర్సులు కొందరు కలిసి ఒక పరిశోధన నెట్‌వర్క్ పెట్టుకున్నారు. వాళ్ళు అప్పుడప్పుడు ఒక వార్తాపత్రిక వేస్తారు. ఏ ఊళ్ళో వ్యాయామం క్లాసులు మొదలయ్యాయి, ఏ కొత్త పద్ధతి పనిచేస్తోంది, ఇలాంటివన్నీ అందులో ఉంటాయి. ఆక్లండ్‌లో వాళ్ళుండే పేట మాంగెరె పేరు అందులో పడడం అదే మొదటిసారి. "మాంగెరెలో ఒక టోంగా పెద్దమనిషి ఉన్నారు. విమానాశ్రయంలో సరుకులు మోసే ఉద్యోగం. గుండెపోటు వచ్చిన కొన్నాళ్ళకే ఆయన నడకలో కుర్రవాళ్ళను మించిపోయారు. నడకనీ గుండె లయనీ కొలిచే మా చేతిపట్టీ పథకం ఎంత మేలు చేయగలదో ఆయన్ను చూస్తే తెలుస్తుంది," అని చదివి, నర్సమ్మ కళ్ళజోడు తీసి కెలెపి వంక చూసి మురిసిపోయింది. పేరు వేయలేదు గానీ, వేయనక్కర్లేదు కూడా. ఆ హాల్లో విమానాశ్రయం సరుకులు మోసేవాడు అతనొక్కడే.

"మనవాడు పేపర్లోకెక్కాడ్రోయ్!" అంటూ పక్కనున్న మోసెసె అతని వీపు మీద ఒక్కటి చరిచాడు. మోసెసె చర్చి బ్యాండులో పెద్ద డప్పు వాయిస్తాడు. అతనికి డప్పూ ఒకటే, స్నేహితుడి వీపూ ఒకటే. "ఏం తింటున్నావేంట్రా? ఆ రహస్యమేదో మాకూ చెప్పు."

కెలెపి ఏం చెబుతాడు? ఆ పొద్దున తిన్నది ఆదివారం మిగిలిన లూ. గొర్రెమాంసం కొవ్వుతో సహా చేమాకుల్లో పెట్టి, కొబ్బరిపాలు పోసి, మూటగట్టి కాల్చింది. చల్లారినా రుచి తగ్గలేదు. ఇక నడకంటారా, ఇంట్లోంచి కారు దాకా, కారులోంచి హాలు దాకా. అతను చొక్కా చేతిని మణికట్టు కిందికి లాక్కున్నాడు. ఆ మణికట్టుకు పట్టీ లేదు. దాని వెంట ఇచ్చిన చిన్న ఫోనూ జేబులో లేదు. రెండూ అతని అక్క తెలేసియా దగ్గర ఉన్నాయి. ఊరంతా మెచ్చుకుంటున్న ఆ నడక ఆమెది.

కెలెపి తన జన్మలో ఎవరికీ చెడు తలపెట్టిన మనిషి కాదు, తన ఒంటికి తప్ప. టోంగాలోని వవావు దీవిలో పుట్టి, మీసాలొచ్చే వయసులో ఆక్లండ్ వచ్చి, అప్పట్నుంచీ ఎవరెవరివో పెట్టెలు విమానాల్లోకి ఎక్కిస్తూనే ఉన్నాడు. పని అయ్యాక కూర్చోవడమంటే ఇష్టం. కూర్చుని తినడమంటే ఇంకా ఇష్టం. చర్చి బ్యాండులో అన్నిటికంటే పెద్ద బాకా అతనిదే. ఈస్టరు ముందు సాధన చేస్తుండగా ఒక చోట అతని స్వరం సాగిపోయింది. తాళం తప్పాడనుకుని బ్యాండు మాస్టరు తిట్లు మొదలుపెట్టాడు. ఆ తిట్లు సగంలో ఉండగానే కెలెపి బాకాతో సహా నేల మీదికి ఒరిగిపోయాడు. ఇప్పటికీ మాస్టరు కనబడితే ముందు క్షమాపణ చెప్పుకుని, తర్వాతే కుశలం అడుగుతాడు.

తెలేసియాకు అంతకు ముందేడే గుండెనొప్పి వస్తే, రక్తనాళంలో చిన్న స్ప్రింగు వేశారు. అందుకని పరిశోధనలో చేరమని ఆసుపత్రివాళ్ళు అక్కాతమ్ముళ్ళిద్దరినీ అడిగారు. ఇద్దరూ సరేనన్నారు. చేరినవాళ్ళలో సగంమందికి పట్టీ ఇచ్చి, నర్సమ్మ ఫోనులో వెంటపడుతుంది. మిగతా సగానికి మామూలు సలహాలు, ఒక కరపత్రం. ఎవరికి ఏది అన్నది యంత్రమే చీటీ తీసి చెబుతుంది. యంత్రం కెలెపికి పట్టీ ఇచ్చింది, తెలేసియాకు కరపత్రం.

చిక్కంతా అక్కడే వచ్చింది. ఆ ఇంట్లో అక్కకు లేనిది తమ్ముడికి ఉండడమన్నది తాతల నాటినుంచీ లేదు. తెలేసియా ఇంటికి పెద్దాడపడుచు. కెలెపి పిల్లల పెళ్ళిళ్ళలో మేనత్తగా అందరికంటే పైన వేసిన చాప ఆమెదే. కాల్చిన పందిలో మంచి ముక్క ముందు ఆమెకు వెళ్ళాకే మిగతావాళ్ళకు. తమ్ముడింట్లో ఆమె దేన్ని బాగుందన్నా అది ఆమెది అయిపోయినట్టే. ఇంత గౌరవం ఉన్నచోట చనువు ఉండదు. గొంతు మారిన వయసునుంచీ కెలెపి అక్క ఉన్న గదిలో కూర్చోలేదు, ఆమెతో కలిసి టీవీ చూడలేదు. ఒంటికి సంబంధించిన మాట ఆమె చెవిన పడేలా ఎన్నడూ అనలేదు. ఏదైనా చెప్పాలంటే మధ్యలో భార్య లుపే ఉంది. ఇదంతా బరువని అతనికెప్పుడూ అనిపించలేదు. ఇంటి కప్పు బరువని ఎవరనుకుంటారు?

పట్టీ ఇచ్చాక వచ్చిన మొదటి ఆదివారం, ప్రార్థన అయ్యాక తెలేసియా భోజనానికి వచ్చింది. ముందుగదిలో పెద్ద కుర్చీలో ఆమె, వంటగది గుమ్మం పక్కన కెలెపి, అటూ ఇటూ తిరుగుతూ లుపే.

"ఏమే లుపే, మీ ఆయన చేతికేదో మెరుస్తోందే!"

"గుండె పట్టీ వదినా. ఎంత నడిచాడో నర్సమ్మకి చెప్పేస్తుందట."

"ఎంత నడిచాడేంటి?"

"పాపం, దానికి చెప్పుకోడానికేం లేక మూగదైపోయింది," అని లుపే నవ్వింది.

తెలేసియా నవ్వలేదు. "నాకేమో కాయితం ముక్కిచ్చారు. పెద్దదాన్ని నేనుండగా తమ్ముడికి పట్టీ ఇస్తుందా ఆ యంత్రం? దానికి పెద్దా చిన్నా నేర్పినవాళ్ళు లేరు కాబోలు." గుమ్మం వైపు చూడకుండానే, "బాగుంది పట్టీ," అంది.

ఆ మాట పూర్తయ్యేసరికే కెలెపి పట్టీ విప్పేశాడు. లుపే దాన్ని ఫోనుతో సహా పళ్ళెంలో పెట్టి తీసుకెళ్ళి వదినకిచ్చింది. నిజం చెప్పొద్దూ, అక్క మాట నిలబెట్టానన్న తృప్తితోపాటు కెలెపికి కాస్త హాయిగానూ అనిపించింది. కూర్చున్నప్పుడల్లా "లే, లే" అని చేతి మీద గిలగిలలాడే ఆ పురుగు గోల వదిలింది. తను చేసింది తప్పని అతనికి తోచలేదు. నర్సమ్మకు చెప్పాలనీ తోచలేదు.

వార్త వచ్చిన పదిరోజులకే నర్సమ్మ ఫోను చేసి వెంటనే ఆసుపత్రికి రమ్మంది. ఆమె గొంతులో మురిపెం లేదు. పట్టీ చెబుతున్నదాని ప్రకారం కెలెపి గుండె లయ తప్పుతోంది. ఒకసారి పరుగు, ఒకసారి తడబాటు, అదీ నడిచేటప్పుడు మరీ ఎక్కువ. ఛాతీకి తీగలు అంటించి పరీక్ష చేశారు. కాగితం మీద గీతలు బుద్ధిమంతుల్లా వరసగా వచ్చాయి. కుర్ర డాక్టరు ఆ గీతలనీ, కంప్యూటరులో ఉన్న పట్టీ లెక్కలనీ మార్చిమార్చి చూసి బుర్ర గోక్కున్నాడు.

"ఇక్కడ చూస్తే బాగుంది. అక్కడ చూస్తే అస్సలు బాలేదు. వచ్చిపోయే రకం అయ్యుంటుంది. తేలిగ్గా తీసుకోవద్దు కెలెపి గారూ. గుండె ఇలా కొట్టుకుంటే లోపల రక్తం గడ్డకడుతుంది. అది మెదడుకు చేరిందంటే కాలూ చెయ్యీ పడిపోవచ్చు, ప్రాణమే పోవచ్చు. రక్తం పల్చబడే మందు ఇవాళే మొదలుపెడదాం."

కెలెపికి మొదట కలిగింది సంతోషమే. తన గుండె బాగుందట! ఆ సంతోషం చొక్కా బొత్తాలు పెట్టుకునేంతసేపు కూడా నిలవలేదు. మరి బాగాలేనిది ఎవరిది? బొత్తాం పట్టుకున్న చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"నర్సమ్మా, ఆ గుండె నాది కాదు," అన్నాడు.

బ్రాన్విన్ అతని భుజం మీద చెయ్యి వేసింది. "మొదట్లో అందరూ ఇలాగే అంటారు. ఒప్పుకోడానికి టైం పడుతుంది."

"అది కాదమ్మా. నిజంగా నాది కాదు. నాకంటే పెద్దవాళ్ళది."

"తెలుసు. మీ నమ్మకం నాకు తెలుసు. అంతా ఆ పైవాడిదే. కానీ మందు మనమే వేసుకోవాలి కదా?"

అక్క గుండె, అక్క ఛాతీ, అక్క ఆయాసం. ఈ మాటలు పరాయివాళ్ళ ముందు కెలెపి నోటికి ఎలా వస్తాయి? చెబితే మానం, చెప్పకుంటే ప్రాణం. అవీ తనవి కావు, రెండూ ఆమెవే. మందు పొట్లం పట్టుకుని కారులో చాలాసేపు కూర్చున్నాడు. యంత్రం పొరబడిందా, తను పొరబడ్డాడా, గౌరవమే పొరబడిందా అన్నది ఎంత ఆలోచించినా తేలలేదు.

ఇంటికి వెళ్ళి లుపేకి అంతా చెప్పి, "ఈ మాత్రలు అక్కకి ఇచ్చిరా," అన్నాడు.

"నీకేమైనా మతిపోయిందా? మందులేమైనా లూ మూటలనుకున్నావా, ఇంటింటికీ పంచిపెట్టడానికి? ఆవిడకి ఏది పడుతుందో ఏది పడదో నీకు తెలుసా, నాకు తెలుసా?"

"అయితే వెళ్ళి నువ్వే చెప్పు. ఆసుపత్రికెళ్ళమను."

"నన్నా? ఆడపడుచంటే అర్ధమొగుడు. మీ అక్క ఏకంగా మొగుడున్నర." అలా అంటూనే లుపే కొంగు... కాదు, నడుముకు చాప బిగించుకుని బయల్దేరింది. పెద్దల దగ్గరికి చాప లేకుండా వెళ్ళకూడదు. తెలేసియా ఇల్లు రెండు వీధుల అవతలే.

తిరిగొచ్చాక చాప కూడా విప్పకుండా కుర్చీలో కూలబడింది.

"ఏమంది?"

"ఏమంటుంది? 'నా గుండె మాట నా తమ్ముడి నోట రావడమేంటే, సిగ్గు లేదూ' అంది. నేనూ ఊరుకోలేదు. 'అసలు ఆ పట్టీ ఎందుకు తీసుకున్నావు వదినా, దాని మూలానే కదా ఇదంతా' అన్నాను."

"అలా అన్నావా!"

"అన్నాను. అప్పుడు చెప్పింది చూడు." లుపే గొంతు వదిన గొంతైపోయింది. "'వాడు కూర్చున్న చోటునుంచి లేవడు. ఆ నర్సుపిల్ల రోజూ ఆ పట్టీలో చూసి ఏమనుకుంటుంది? మా నాన్న కొడుకు ఒట్టి సోమరిపోతు అనుకోదూ? ఆ పట్టీ నాకెందుకే? వాడి పరువు కోసం తీసుకున్నా. వాడి బదులు నేను నడుస్తున్నా. పేపర్లో పడ్డాడుగా, ఇంకేం కావాలి?' అని తలుపేసుకుంది. కెలెపీ, మెట్టెక్కడానికే ఆయాసపడుతోందయ్యా ఆవిడ."

అక్కకు కావాలనుకుని కెలెపి ఇచ్చాడు. తమ్ముడికి పరువు దక్కాలని ఆమె తీసుకుంది. ఇంతా చేస్తే ఇద్దరిలో ఎవరికీ పట్టీ అక్కర్లేదు. తను కుర్చీలో కూర్చుని లూ తిన్న ప్రతి పూటా, ఆ జబ్బు గుండెతో ఆమె అతని వంతు నడిచింది. చప్పట్లు గుర్తొచ్చి ఒళ్ళంతా సిగ్గుతో మండిపోయింది. వెక్కివెక్కి ఏడ్చాడు. లుపే అతన్ని ఏడవనిచ్చింది.

మర్నాడు శనివారం. పొద్దున్నే తెలేసియా రగ్బీ మైదానం చుట్టూ నడుస్తుందని ఊరందరికీ తెలుసు. నల్ల పొడుగు లంగా, నడుముకు చాప, చేతిలో గొడుగు. పక్క మైదానంలో పిల్లలు ఆడుతున్నారు. గట్టు మీద చర్చివాళ్ళు సగంమంది ఉన్నారు. కెలెపి కారు దిగి, గడ్డి మీదుగా అక్క వైపు నడిచాడు.

తెలేసియా వెనక్కి చూసింది. తమ్ముడు ఒక్కడే వస్తున్నాడు, తోడుగా లుపే లేదు. తమ్ముడు అలా ఒంటరిగా అక్క దగ్గరికి రాకూడదు. వస్తుంటే తప్పుకుని దారివ్వడం ఆమె మర్యాద. ఆమె వేగం పెంచింది. కెలెపి కూడా పెంచాడు. ఆమె ఇంకా పెంచింది. గుండెపోటు తర్వాత అతను నిజంగా నడవడం అదే మొదలు. రొప్పుతూ పరుగులాంటి నడక నడుస్తున్నాడు. ముందు గొడుగు ఊగిపోతోంది. మైదానం మూల తిరిగేటప్పుడు ఆమె ముఖం కనిపించింది. బూడిద రంగులో ఉంది. అప్పటికి గానీ కెలెపి బుర్రకు ఎక్కలేదు: తను దగ్గరికి వెళ్ళేకొద్దీ ఆమెను చావు వైపు తరుముతున్నాడు.

ఆగిపోయాడు. నిలబడితే ఆమెతో సమానమవుతానని తడి గడ్డిలో చతికిలబడ్డాడు. బాకా ఊదే ఊపిరంతా కూడగట్టుకుని అరిచాడు.

"అక్కా! ఆగు! నడవకు! నీ గుండె బాలేదు!"

గట్టు మీదివాళ్ళంతా ఇటు తిరిగారు. మనవడి ఆట చూడ్డానికొచ్చిన మోసెసె పరుగెత్తుకొచ్చాడు. "ఒరేయ్, నోర్ముయ్! మీ అక్కరా ఆవిడ! అందరి ముందూ ఏం మాటలవి? తాగొచ్చావా?"

"నీకు తెలీదురా! పేపర్లో పడింది నేను కాదు! నేనొక్క అడుగు వేస్తే ఒట్టు! నడిచిందంతా అక్కే! పట్టీ ఆవిడ చేతికుంది, చూడండి! ఆ చెడ్డ గుండె ఆవిడదే! అక్కా, నీ కాళ్ళకి దండం పెడతాను, కూర్చో!"

తెలేసియా ఆగింది. ఎన్నడూ "మీరు" తప్ప అనని తమ్ముడు నువ్వు నువ్వంటూ ఊరందరి ముందూ ఏడుస్తున్నాడు. ఆమె గొడుగు ముడిచి, పక్కనున్న బల్ల మీద మెల్లగా కూర్చుంది. చెయ్యి ఛాతీ మీదికి వెళ్ళింది.

"అరవకురా," అంది. "అందరూ వింటున్నారు."

కెలెపి గడ్డిలో కూర్చునే బ్రాన్విన్‌కు ఫోను చేశాడు. ఈసారి మాటలు వెతుక్కోలేదు. "ఆ గుండె మా అక్కది. పేరు తెలేసియా. ఇక్కడే ఉంది, రగ్బీ మైదానంలో. తొందరగా రండి నర్సమ్మా."

ఆసుపత్రిలో తెలేసియా మంచం చుట్టూ తెర లాగారు. తీగలు, మందు, అన్నీ సమయానికి అందాయి. ఇంకొన్నాళ్ళు అలాగే నడిచి ఉంటే ఏమయ్యేదో డాక్టరు చెప్పబోయాడు. లుపే వద్దంది. కెలెపి తెర బయట, మంచానికి వీపు పెట్టి కూర్చున్నాడు.

బ్రాన్విన్ వచ్చి పక్క కుర్చీలో కూర్చుంది. ఆమె కోపంగా ఉంటే బాగుండేది. "మీ ఇద్దరినీ పరిశోధనలోంచి తీసేయాలి. నెట్‌వర్క్ వాళ్ళకి రాయాలి, ఆ వార్త తప్పని. తప్పని రాయడానికి చెయ్యి రావట్లేదు కెలెపి గారూ. ఆ నడకైతే నిజమే కదా? ఎవరిదని రాయను? ఏ గుంపులో రాయను?"

"నాకూ తెలీదు నర్సమ్మా."

"నాతో ఒక్క మాట చెప్పుంటే..."

"చెప్పాను. మీరు దేవుడనుకున్నారు."

బ్రాన్విన్ లేచి నిలబడింది. పట్టీని నెట్‌వర్క్ నుంచి తెంచేశాననీ, కావాలంటే ఇంట్లో ఉంచుకోవచ్చనీ చెప్పి వెళ్ళిపోయింది.

కాసేపటికి తెర కదిలి లుపే బయటికొచ్చింది. చేతిలో పట్టీ. "నీకిమ్మంది."

"నేను తీసుకోను. అక్కకిచ్చింది వెనక్కి పుచ్చుకుంటే మా నాన్న సమాధిలోంచి లేచొస్తాడు. వద్దని చెప్పు."

లుపే చెప్పనక్కర్లేకపోయింది. తెర వెనకనుంచి తెలేసియా గొంతు వినిపించింది. మధ్యలో ఎవరూ లేకుండా, నేరుగా.

"కెలెపీ."

అతను ఉలిక్కిపడి, కూర్చున్నచోటే తల వంచుకున్నాడు. "అక్కా."

"ఒకటడుగుతాను, ఇస్తావా?"

"మీరడిగిందేది కాదన్నాను?"

"నాకంటే ముందు పోకూడదు. అదడుగుతున్నా. ఆ పట్టీ పెట్టుకుని నడువు."

అక్క అడిగాక కాదనడం ఆ వంశంలో లేదు. కెలెపి పట్టీ చేతికి కట్టుకుని లేచాడు. ఇక ఆ నడక ఎవరి లెక్కలోకీ రాదు, ఏ పేపర్లోనూ పడదు. కళ్ళు తుడుచుకుంటూ వరండా చివరిదాకా వెళ్ళాడు. అరిగిన చెప్పులు టపటపమని చప్పుడు చేస్తుంటే, తెర దగ్గరికి తిరిగొచ్చి ఆగాడు.

లోపల్నుంచి, "ఇంకా," అంది అక్క.